జ్యూరిక్ మేయర్ల చరిత్ర రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. ఇన్ని శతాబ్దాల పేర్లు, సంవత్సరాలు వరుస తప్పకుండా కూర్చడానికి చాలా ఓపిక కావాలి. అది నీకుంది. కానీ చదివాక ఎవరి తర్వాత ఎవరొచ్చారో తెలిసింది గానీ, ఆ కుర్చీకి ఎంత బలముండేదో, దాన్ని చూసి ఎవరు భయపడ్డారో తెలియలేదు. నువ్వు రాయాల్సింది అదే అని నా నమ్మకం.

రుడాల్ఫ్ బ్రున్ దగ్గర ఆగు. '1336లో తొలి మేయర్ అయ్యాడు' అని ఒక్క వాక్యంలో దాటేశావు. అంతకుముందు నగర సభ యోధ కుటుంబాలది, పెద్ద వర్తకులది. చేతివృత్తులవాళ్లకు అందులో చోటే లేదు. బ్రున్ కూడా యోధ కుటుంబం నుంచి వచ్చినవాడే, అయినా వృత్తిసంఘాలను వెంటపెట్టుకుని పాత సభను కూలదోశాడు. 13 సంఘాల పెద్దలను కొత్త సభలో కూర్చోబెట్టాడు. అదే ఊపులో తనకు బతికున్నంతకాలం పదవి ఉండేలా రాయించుకున్నాడు. జనానికి ఇచ్చిందీ, తాను తీసుకున్నదీ పక్కపక్కన పెట్టు. మంచివాడా చెడ్డవాడా అన్న తీర్పు నువ్వు చెప్పనక్కర్లేదు.

బ్రున్ ఊరి నుంచి వెళ్లగొట్టిన పాత సభవాళ్లు రాపర్స్‌విల్‌ ఊరి ప్రభువు (కౌంట్) అండ చూసుకుని 1350 ఫిబ్రవరిలో ఒక రాత్రి తిరుగుబాటుకు దిగి ఓడిపోయారు. బ్రున్ రాపర్స్‌విల్ ఊరినే ధ్వంసం చేశాడు. దాంతో ఆ కౌంట్ వంశమైన హాబ్స్‌బర్గ్‌లతో వైరం ముదిరింది, ఒంటరిగా నిలబడలేని పరిస్థితి వచ్చింది. 1351 మే 1న జ్యూరిక్ స్విస్ సమాఖ్యలో చేరడం వెనక ఉన్న టెన్షన్ ఇదంతా. ఆ ఒప్పందంలోనే బ్రున్ పాలనా వ్యవస్థను కాపాడాలనే షరతు కూడా ఉంది! ఒక దేశచరిత్రలో ఇంత పెద్ద మలుపు, ఒక మనిషి పదవి భయంతో కూడా ముడిపడి ఉంది. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, దీనికి రెండు పేజీలు ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

హన్స్ వాల్డ్‌మన్ గురించి 'తల నరికారు' అని మాత్రమే రాశావు. 1476లో స్విస్ సేనలు బర్గండీ సేనను ఓడించిన మూర్టెన్ యుద్ధంలో పేరు తెచ్చుకున్న సేనాని, 1483 నుంచి మేయర్. పల్లెల మీద ఆంక్షలు పెంచుతూ పోయి, చివరికి రైతుల కుక్కలను చంపమని ఆజ్ఞ ఇచ్చాడు. పల్లెలు తిరగబడి నగరం మీదికి వచ్చాయి. నగరంలోని శత్రువులకు అదే అదను. 1489 ఏప్రిల్ 6న శిక్ష అమలైంది. శిక్ష కన్నా ముందు ఆ కుక్కల గురించి చెప్పు. రైతుకు కోపం ఎందుకొచ్చిందో పాఠకుడికి అప్పుడు అర్థమవుతుంది. లిమ్మట్ నది ఒడ్డున గుర్రం మీద అతని విగ్రహం 1937లో పెట్టారు. అదే ఊరు చంపిన మనిషికి అదే ఊరు విగ్రహం ఎందుకు పెట్టిందో కూడా వెతుకు.

పంతొమ్మిదో శతాబ్దపు పేర్లలో చాలావాటిని తీసేయొచ్చు. 1893లో, 1934లో చుట్టుపక్కల ఊళ్లు కలిసి నగరం పెరిగిన సంగతి మాత్రం ఉంచు. 1928 నుంచి 1942 వరకు మేయర్‌గా ఉన్న సోషల్ డెమోక్రాట్ ఎమిల్ క్లోటిని కూడా ఉంచు.

2009లో కొరీన్ మౌఖ్ తొలి మహిళా మేయర్ అయ్యారని రాసి ఊరుకున్నావు. స్విస్ మహిళలకు సమాఖ్య స్థాయిలో ఓటు 1971లో గానీ రాలేదన్న మాట పక్కనే ఉండాలి. ఇప్పటి మేయర్‌ను జనమే ఎన్నుకుంటారు, కానీ తొమ్మిది మంది ఉన్న నగర ప్రభుత్వంలో మేయర్ ఒకరు మాత్రమే, నిర్ణయాలు అందరూ కలిసి తీసుకుంటారు. బ్రున్ జీవితకాల పదవి నుంచి ఇక్కడిదాకా కుర్చీ ఎలా మారిందో నీ వ్యాసమంతా చెప్పాలి.

ముందు 1350 రాత్రి భాగం ఒక్కటే తిరగరాసి పంపు. మిగతాది అది చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య