చరిత్రకారుల పుస్తకాలు ఉండగా వాళ్ల సొంత కాగితాలు ఎందుకు?

హోలోకాస్ట్ మీద, అంటే నాజీలు యూదులను సామూహికంగా చంపిన చరిత్ర మీద, ఇన్ని పుస్తకాలు అచ్చయి ఉండగా వాటిని రాసినవాళ్ల ఉత్తరాలు, నోట్సు, చిత్తుప్రతులు దాచడం దేనికి, పరిశోధకులు కాని మనలాంటివాళ్లను చూడనిస్తారా అని అడిగారు. చూడనిస్తారు. నేను న్యూజెర్సీలో ఉంటాను. విశ్వవిద్యాలయంతో సంబంధం లేదు, యూదురాలిని కాను. అయినా మన్‌హాటన్ పదహారో వీధిలోని యూదు చరిత్ర కేంద్రానికి వెళ్లి, హోలోకాస్ట్ చరిత్ర రాసిన లూసీ దవిదోవిచ్ కాగితాలు చదివాను. అవి అమెరికన్ యూదు చారిత్రక సంఘం అధీనంలో ఉన్నాయి.

దేనికంటారా, ఆమె జీవితమే చూడండి. 1915లో న్యూయార్క్‌లో పుట్టారు. 1938లో విల్నా వెళ్లి, యివో అనే, తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్ మీద పనిచేసే పరిశోధన సంస్థలో ఏడాది చదువుకున్నారు. విల్నా అప్పుడు పోలెండ్‌లో ఉండేది, ఇప్పుడది లిథువేనియా రాజధాని. రెండో ప్రపంచ యుద్ధానికి కొద్ది రోజుల ముందు, 1939 ఆగస్టులో అక్కడి నుంచి బయటపడ్డారు. అక్కడ ఆమెను ఆదరించిన పండితుడు జెలిగ్ కల్మనోవిచ్ 1944లో ఎస్తోనియాలోని నాజీ శిబిరంలో చనిపోయారు. 1947లో ఆమె జర్మనీలోని ఒఫెన్‌బాఖ్‌లో, నాజీలు యూదుల నుంచి దోచుకున్న లక్షల పుస్తకాల మధ్య కూర్చుని యివో పుస్తకాలను ఏరి వేరుచేశారు. తనకు చదువు చెప్పినవాళ్లు చదివిన పుస్తకాలవి! అవి న్యూయార్క్ చేరాయి. యివో గ్రంథాలయం, ఆమె కాగితాలు ఇప్పుడు ఒకే భవనంలో ఉన్నాయి.

ఇలాంటి మనిషి విషయంలో వృత్తి ఎక్కడ ముగిసింది, సొంత బతుకు ఎక్కడ మొదలైంది అని గీత గీయగలమా? యూదుల నిర్మూలన హిట్లర్‌కు ఆదినుంచీ ఉన్న లక్ష్యమేనని 1975 నాటి తన గ్రంథంలో ఆమె గట్టిగా వాదించారు. చాలామంది చరిత్రకారులు ఒప్పుకోలేదు. నాకూ ఆ వాదన పూర్తిగా మింగుడుపడదు. కానీ కాగితాలు చదివాక ఆ పట్టుదలను తేలిగ్గా తీసిపారేయలేను.

అక్కడ నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టినవి కార్బన్ ప్రతులు. ఉల్లిపొర లాంటి కాగితం, అంచులు పసుపెక్కి, అక్షరాలు కొద్దిగా అలికినట్టు ఉంటాయి. మామూలుగా ఒకరి కాగితాల్లో వాళ్లకు వచ్చిన ఉత్తరాలే మిగులుతాయి, పంపినవి అవతలివాళ్ల ఇళ్లలో ఉండిపోతాయి. కార్బన్ పెట్టి టైపు చేసుకున్నవాళ్ల దగ్గర మాత్రం ప్రశ్న, జవాబు రెండూ దొరుకుతాయి. అచ్చులో నిశ్చయంగా కనిపించే వాక్యం వెనుక ఎవరిని ఏమి అడిగారో, దేనికి అభ్యంతరం వచ్చిందో తెలుసుకోవడానికి అంతకు మించిన చోటు లేదు. అందుకే చిత్తుప్రతులకన్నా ముందు ఉత్తరాలు తెరవమంటాను.

వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో ఆ సేకరణ సూచిక చూసి, కావలసిన పెట్టె, ఫోల్డరు సంఖ్యలు రాసుకోండి. పేరు నమోదు చేసుకుని పెట్టెలు ముందుగానే కోరండి. సంచి బయట లాకరులో పెట్టాలి, లోపల పెన్సిలే వాడాలి. ఒకసారి ఒక్క ఫోల్డరే తీయాలి, కాగితాల వరుస మార్చకూడదు. యిడ్డిష్ రాకపోయినా దిగులు పడకండి, ఇంగ్లీషులో ఉన్నవే రోజుల తరబడి చదవవచ్చు. అక్కడి సిబ్బందికి మీరు వెతుకుతున్నది ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పండి. సూచికలో కనిపించని దారి వాళ్లు చూపిస్తారు.