ఎముకలున్న గుహకు యాత్రగా వెళ్లొచ్చా?

పోయిన నెల ఈ శీర్షికలో మధ్య అమెరికాలోని బెలీజ్ దేశంలో, మాయా అనే ప్రాచీన జాతివాళ్లు పూజలు చేసిన ఒక గుహ గురించి నాలుగు ముక్కలు రాశాను. మా అబ్బాయి వాళ్లతో కలిసి వెళ్లొచ్చాక మనసులోంచి పోక రాసిన ముక్కలవి. వాటి మీద మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి చాలా ఉత్తరాలొచ్చాయి. ఈసారి జవాబులన్నీ వాటికే.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మా అమ్మాయీ అల్లుడూ హ్యూస్టన్‌లో ఉంటారు. మేం అక్కడికి వెళ్లినప్పుడు మీరు రాసిన గుహకు తీసుకెళ్తామంటున్నారు. నీళ్లలో ఈదాలని, లోపల మనుషుల ఎముకలుంటాయని విన్నాను. మా ఆయనకు అరవై నాలుగు. చిన్నప్పటి నుంచి నాగావళిలో ఈదిన మనిషి. నాకు యాభై ఎనిమిది, ఎడమ మోకాలు అరిగిందన్నారు. మా అత్తగారైతే "సచ్చినోల ఎముకలు సూడ్డానికి డబ్బెట్టుకొని ఎల్తారేటే, మైల కాదేటి" అంటోంది. వెళ్లొచ్చా, వద్దా?
– ఒక సోదరి, ఆమదాలవలస

జవాబు: మీవారు వెళ్లొచ్చు. మీరు వద్దు. మనసు కష్టపెట్టుకోకండి, ఎందుకో చెప్తాను.

ఆ గుహ పేరు ఆక్తున్ తునిచిల్ ముక్నల్. పలకడానికి కష్టమని, ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలతో అందరూ ఏటీఎం గుహ అంటారు. బెలీజ్ పశ్చిమాన కాయో జిల్లాలో, టపిర్ మౌంటెన్ అభయారణ్యంలో ఉంది. శాన్ ఇగ్నాసియో అనే ఊళ్లో దిగితే అక్కడి నుంచి బండిలో గంట ప్రయాణం. బండి ఆగిన చోటి నుంచి అడవిలో ముప్పావు గంట నడక. ఆ నడకలో రోరింగ్ క్రీక్ అనే ఏరు మూడుసార్లు దాటాలి. అక్కడితోనే బట్టలన్నీ తడిసిపోతాయి. గుహ నోటి దగ్గర నీళ్లు లోతు, కాలు అందదు. నాలుగు బారలు ఈది లోపలి రాళ్లను పట్టుకోవాలి. ఆపైన అరకిలోమీటరు దాకా చీకట్లో, ఏటికి ఎదురు నడక. ఒకచోట మోకాళ్ల లోతు, ఒకచోట మెడ లోతు. ఒకచోట రెండు రాళ్ల మధ్య సందు ఎంత ఇరుకంటే, మెడను ఒక పక్కకు వంచి, గడ్డం నీళ్లకు ఆనించి జరగాలి. చివర్లో ఒక పెద్ద బండను ఎగబాకి పై గదికి చేరాలి. ఆ బండ దగ్గర మోకాలి మీద పూర్తి బరువు వేసి లేవకుండా ఎవరూ ఎక్కలేరు. దిగేటప్పుడు ఇంకా కష్టం. మోకాలు పట్టేస్తే మధ్యలో కూర్చోబెట్టి తీసుకురావడానికి అక్కడ డోలీ లేదు, కుర్చీ లేదు. ఎలా వెళ్లారో అలాగే తిరిగి రావాలి.

మీకు ఇంకో దారి ఉంది. అదే కాయో జిల్లాలో బార్టన్ క్రీక్ గుహ ఉంది. అందులో చిన్న పడవలో కూర్చుని లోపలికి వెళ్లి రావచ్చు. మాయా ప్రజలు పూజలు చేసిన గట్లు, మనుషులను ఉంచిన చోట్లు అక్కడా ఉన్నాయి. మోకాలికి ఇబ్బంది ఉండదు. మీవారు ఏటీఎంకు వెళ్లిన పూట మీరు అమ్మాయితో అక్కడికి వెళ్లండి. రాత్రి భోజనాల దగ్గర ఇద్దరి దగ్గరా చెప్పుకోవడానికి బోలెడుంటుంది.

మీవారికి ఒక్క మాట. నాగావళిలో ఈత వచ్చు కదా అని లైఫ్ జాకెట్ వద్దనకూడదు. నదిలో పైకి చూస్తే ఆకాశం ఉంటుంది. ఇక్కడ నెత్తిన రాయి ఉంటుంది. గుండెకో, బీపీకో మందులు వాడుతుంటే ముందు డాక్టర్‌ను అడగాలి. గైడు లేకుండా ఎవరినీ లోపలికి పంపరు. లైసెన్సున్న ఒక్కో గైడు వెంట ఎనిమిది మందే. ఆయన ఏ రాయి మీద కాలు పెడితే ఆ రాయి మీదే పెట్టాలి, ఎక్కడ పట్టుకోవద్దంటే అక్కడ పట్టుకోకూడదు. మా గైడు ప్రతి మలుపులోనూ ఆగి ఆ మాట ముందువాళ్లకు చెప్పి, మా చేత వెనకవాళ్లకు చెప్పించేవాడు. చివర ఉన్నవాళ్లు "అందింది" అన్నాకే కదిలేవాడు. అంత పట్టింపున్న మనిషి దొరికితే అదృష్టమనుకోండి.

మైల సంగతి. అత్తగారి మాటను కొట్టిపారేయకండి. ఎముకలను తేలిగ్గా చూడకూడదనేగా ఆవిడ చెప్పేది. కానీ ఆమదాలవలస నుంచి ఎంతో దూరం లేని శాలిహుండం కొండ మీద ఏముందో ఆవిడకు గుర్తుచేయండి. వంశధార ఒడ్డున ఆ బౌద్ధ స్తూపాల్లో ధాతు కరండాలు, అంటే అస్థికలు దాచిన చిన్న భరిణెలు దొరికాయి. పోయినవాళ్ల అస్థికలను భద్రం చేసి, వాటి చుట్టూ ప్రదక్షిణం చేసిన నేల మనది. భక్తితో వెళ్లిన చోట దోషం ఉండదని నా నమ్మకం. పట్టింపు తీరకపోతే ఇంకో మాట కూడా చెప్పండి: తిరిగొచ్చేటప్పుడు అదే ఏట్లో మళ్లీ ఈది రావాలి, తలస్నానం అక్కడే అయిపోతుంది.

ప్రశ్న: మేం బొర్రా గుహలు చూశాం. సున్నపురాయి గుహ ఎక్కడైనా ఒకటే కదా మేడమ్? పైగా అక్కడ ఫోను, కెమెరా ఏవీ తీసుకెళ్లనివ్వరట. ఒక్క ఫోటో లేకుండా అంత ఖర్చు పెట్టి ఎందుకు వెళ్లాలి?
– డిగ్రీ విద్యార్థి, చీపురుపల్లి

జవాబు: రాయి ఒకటే బాబూ, నువ్వన్నది నిజం. నేను పిల్లలకు భూగోళం చెప్పినన్నాళ్లూ, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా రైలెక్కించి బొర్రాకు తీసుకెళ్లి చూపించేదాన్ని. వాననీరు గాల్లోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుని కిందికి దిగుతుంది. గుహలోకి వచ్చాక వాయువు గాల్లో కలిసిపోతుంది, కరిగిన సున్నం కాల్సైట్ అనే మెరిసే రాయిగా మిగిలిపోతుంది. బొర్రాలో శివలింగమని మనం దండం పెట్టే రాయి ఏ చుక్కల వల్ల పెరిగిందో, ఏటీఎంలో కుండల మీద, పుర్రెల మీద తళుకు పూసినవీ అలాంటి చుక్కలే.

తేడా ఏమిటంటే, బొర్రాలో మెట్లున్నాయి, రంగు దీపాలున్నాయి, పక్కన పట్టుకోవడానికి కమ్మీలున్నాయి. ఇక్కడ నీ నెత్తి మీది హెల్మెట్ దీపం తప్ప వెలుతురు లేదు. పై గదికి చేరగానే బూట్లు విప్పించి సాక్సులతో నడిపిస్తారు. కింద రాయంతా వరిమడి గట్లలా చిన్నచిన్న అంచులు కట్టి ఉంటుంది, మధ్యలో నీళ్లు. ఆ గట్ల మీదే కాలు పెట్టాలి. తడి సాక్సులోంచి రాయి గరుకు తెలుస్తూనే ఉంటుంది. నేను కాలు పెట్టబోయిన గట్టుకు జానెడు దూరంలో ఒక కుండ, సగం రాయిలో కలిసిపోయి ఉంది. మూతి గుండ్రంగా, చెక్కు చెదరకుండా ఉంది. కడుపు భాగంలో మాత్రం చిన్న చిల్లు. అది పగిలిన చిల్లు కాదు, పూజ అయ్యాక కుండలోని ప్రాణాన్ని విడిచిపెట్టడానికి కావాలని పెట్టిందని గైడు చెప్పాడు. పన్నెండు వందల ఏళ్ల కిందట ఎవరో దింపిన చోటనే ఉంది ఆ కుండ. అద్దాల పెట్టె లేదు, తాడు లేదు. అక్కడక్కడా నేల మీద అతికించిన రంగు టేపు మాత్రం హద్దు.

ఇక కెమెరా గురించి. 2012లో ఒక యాత్రికుడి చేతిలోంచి కెమెరా జారి కింద ఉన్న పుర్రె మీద పడి దాన్ని పగలగొట్టింది. అప్పటి నుంచి లోపలికి కెమెరాలు నిషేధం. ఆ నిషేధం న్యాయమైనదని నేను గట్టిగా నమ్ముతాను. అది ఒకరి తల. వెయ్యేళ్లకు పైగా చీకట్లో భద్రంగా ఉండి, ఒక ఫోటో కోసం పగిలింది. నువ్వు వెళ్లినట్టు ఎవరూ నమ్మకపోతే పోనీ. గర్భగుడిలో మూలవిరాట్టును ఫోటో తీసుకోలేదని అరసవల్లి వెళ్లడం మానేశామా?

ప్రశ్న: మీరు ఆ గుహను పవిత్ర స్థలమని రాశారు. నరబలి ఇచ్చిన చోటును పవిత్రమనడం ఏం సబబు? పసిపిల్లల ఎముకలు కూడా ఉన్నాయని మీరే రాశారు. అది మూఢత్వం కాదా?
– ఒక ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. మీ కోపం సరైనదే. అక్కడ కనీసం 14 మంది అవశేషాలు దొరికాయి, వాళ్లలో పసివాళ్లున్నారు. దాన్ని ఒప్పు అని నేను ఏనాడూ అనను. కానీ అక్కడ ఏం జరిగిందో చివరిదాకా వినండి.

1989లో ఈ గుహ బయటి ప్రపంచానికి తెలిసింది. 1990లలో బెలీజ్ దేశస్థుడే అయిన హైమే ఆవే అనే పురావస్తు శాస్త్రవేత్త ఇక్కడ పరిశోధన నడిపారు. మాయా ప్రజలకు గుహ అంటే షిబాల్బా అనే పాతాళానికి వాకిలి. వాన దేవుడు చాక్ ఉండే చోటు కూడా అదే. గుహ కప్పు నుంచి రాలే నీళ్లు ఎవరూ ముట్టని నీళ్లని, పూజకు వాటినే పట్టేవారు. మొదట్లో గుహ నోటి దగ్గరే పూజలు జరిగేవి. తొమ్మిదో శతాబ్దం దగ్గరపడే కొద్దీ జనం లోపలికి, ఇంకా లోపలికి వెళ్లడం మొదలుపెట్టారు. ఆ కాలంలోనే అక్కడ పెద్ద కరువులు వచ్చాయని సరస్సుల అడుగు మట్టి, గుహల్లోని రాతి పొరలు చెప్తున్నాయి. హాలీ మోయెస్ అనే పరిశోధకురాలు ఈ రెండింటినీ కలిపి చూశారు. వానలు తప్పాయి, గుహ పూజలు పెరిగాయి. పక్కనే గ్వాటెమాలాలోని తికాల్ అనే మహానగరంలో తేదీ చెక్కిన ఆఖరి శిల 869 నాటిది. ఆ తర్వాత అక్కడ తేదీ చెక్కిన రాయి ఇంకోటి నిలపలేదు.

మొదట మొక్కజొన్న అర్పించి ఉంటారు, రాతి విసుర్రాళ్లు అక్కడ ఉన్నాయి. అబ్సిడియన్ అనే నల్లటి గాజురాయి కత్తులు దొరికాయి, వాటితో తమ ఒంటి నెత్తురే తీసి ఇచ్చేవారు. అయినా చుక్క రాలలేదు. అప్పుడు మనుషులను ఇచ్చారు. అన్నిటికన్నా లోపల, ఒక నిచ్చెన ఎక్కి చేరే చిన్న గదిలో, పూర్తి అస్థిపంజరం ఒకటి వెల్లకిలా పడి ఉంది. ఒళ్లంతా కాల్సైట్ మెరుస్తూ ఉంటుంది. క్రిస్టల్ మెయిడెన్, అంటే స్ఫటిక కన్య అని పేరు పెట్టారు, చాలాకాలం ఆడపిల్ల అనుకున్నారు. యువకుడై ఉండొచ్చని తర్వాతి పరిశీలనల్లో తేలింది. ఎవరైనా గానీ ఇంకా ఇరవై నిండని వయసు. ఆ గదిలో నాకు మాట రాలేదు. మా బడిలో పదో తరగతి దాటి వెళ్లిన పిల్లల వయసది.

మనవైపు కరువు ఎరగని వాళ్లమా? 1866లో ఒడిశాను తుడిచిపెట్టిన కరువు మన పాత గంజాం జిల్లానూ వదల్లేదు. నా చిన్నప్పుడు కూడా వానలు తప్పితే మా ఊళ్లో విరాటపర్వం చదివించేవాళ్లు. రోకలికి వేపమండలతో కప్పను కట్టి, ఇంటింటికీ మోసుకెళ్లి, దాని మీద బిందెలతో నీళ్లు పోయించేవాళ్లు. మెక్సికోలోని యుకటాన్‌లో మాయా రైతులు ఈనాటికీ చాక్ దేవుడికి వాన పూజ చేస్తారు. అందులో చిన్న పిల్లలను పూజ బల్ల కింద కూర్చోబెట్టి కప్పల్లా బెకబెకమనిపిస్తారు. అది తెలిసిన రోజు నాకు ఒళ్లు జలదరించింది. భూమికి ఆ చివరన ఒకరు, ఈ చివరన మనం, ఒకరి ముఖం ఒకరు ఎరగం. వాన కోసం పిలిచింది మాత్రం కప్పనే.

అందుకే ఆ చోటును పవిత్రమన్నాను. బలి వల్ల కాదు. దిక్కులేని జనం తమ దగ్గరున్నదంతా తెచ్చి అక్కడ పెట్టారు కాబట్టి. దాన్ని మూఢత్వమని మీ పిల్లలకు చెప్పండి, తప్పులేదు. చెప్పేటప్పుడు కరువు సంగతి కూడా కలిపి చెప్పండి. మాయా జనం అంతరించిపోయారని మాత్రం చెప్పకండి. బెలీజ్‌లో మోపాన్, కెక్చీ, యుకాటెక్ మాయా కుటుంబాలు ఇవాళా వ్యవసాయం చేసుకుంటూ ఉన్నాయి.

ప్రశ్న: ఏ నెలలో వెళ్తే మంచిది? ఏమేం పట్టుకెళ్లాలి?
– టెక్కలి

జవాబు: ఫిబ్రవరి నుంచి మే దాకా మంచిది. జూన్ నుంచి నవంబరు దాకా అక్కడ వానాకాలం, ఏరు పొంగితే గుహ మూసేస్తారు. టికెట్ తీసుకున్నాం కదా అని ఆ రోజు గైడుతో వాదించకండి. కాలికి గట్టిగా అతుక్కునే, నీళ్లు పోయే బూట్లు కావాలి, చెప్పులు పనికిరావు. మార్చుకోవడానికి పొడి బట్టలు బండిలో వదిలి వెళ్లండి. చిన్న పిల్లలను తీసుకెళ్లనివ్వరు. సాక్సులు తప్పనిసరి. అవి లేకపోతే ఏరంతా ఈది వచ్చినా పై గదిలోకి అడుగు పెట్టనివ్వరు.