చలి నేలనుంచే ఎక్కుతుంది

ప్రశ్న: లెబనాన్‌లో సిరియా శరణార్థుల గుడారాలు మంచులో కూరుకుపోయిన దృశ్యాలు చూసినప్పటినుంచి మనసు మనసులో లేదు. మా మహిళా సంఘం తరఫున స్వెటర్లు, దుప్పట్లు పోగుచేసి పంపితే వారికి మేలు జరుగుతుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ సంకల్పం గొప్పది. అయినా దుప్పట్లు ఇక్కడినుంచి పంపవద్దనే చెబుతాను. సిరియన్లకు శాశ్వత శిబిరాలు కట్టడానికి లెబనాన్ ఒప్పుకోలేదు కనుక, బెకా లోయలోనూ, దాదాపు 1,400 మీటర్ల ఎత్తున ఉన్న అర్సాల్‌లోనూ ఎన్నో కుటుంబాలు అద్దె పొలాల్లో కర్రలు పాతి, ప్లాస్టిక్ పట్టాలు కప్పుకొని ఏళ్ల తరబడి తలదాచుకున్నాయి. 2019 జనవరిలో వచ్చిన నోర్మా తుఫానుకు అలాంటి గుడారాలు ఎన్నో నీట మునిగాయి. అదే ఏడాది వేసవిలో, అర్సాల్‌లో మీటరుకు మించి లేపిన సిమెంటు ఇటుక గోడలను కూల్చివేయించారు. ఆ గోడలే వారికి చలిగాలినుంచి ఉన్న అడ్డు.

ఆ గుడారాల్లో పడక అంటే నేలమీద పరిచిన పలుచని స్పాంజి పరుపు. అది ఒక్కసారి తడిస్తే ఎండ మొహం చూడని ఆ రోజుల్లో ఆరదు. పైన నాలుగు దుప్పట్లు కప్పినా కిందినుంచి చలి ఎక్కుతూనే ఉంటుంది. అందుకే అసలు పని అక్టోబరులోనే మొదలుకావాలి: చుట్టూ కాలువ తవ్వడం, కంకర పోయడం, చెక్క పలకలతో నేలను ఎత్తుచేయడం, చిరిగిన పట్టాలు మార్చడం, మంచు బరువుకు కూలకుండా కప్పుకు అదనపు గుంజలు నిలపడం. వీటికి, పొయ్యిలోకి డీజిలుకు, కావలసింది డబ్బే. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ అక్కడ చలికాలపు సాయాన్ని నగదుగా ఇచ్చిందీ అందుకే. దుప్పటి ఓడెక్కి చేరేసరికి చలికాలం సగం గడిచిపోవచ్చు.

ఇంధనం కొనలేనివారు ప్లాస్టిక్‌నూ, పాత చెప్పులనూ కాల్చి చలి కాచుకుంటారు. చలిగాలి రాకుండా ప్రతి సందూ మూసేసి పొయ్యి వెలిగించి నిద్రపోతే, వాసనైనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కాబట్టి గాలి ఆడే సందు ఉంచాలనీ, పడుకునేముందు పొయ్యి ఆర్పాలనీ చెప్పడం కూడా సాయమే. వణుకుతున్న బిడ్డ వణకడం మానేసి మగతలోకి జారితే, అది కోలుకోవడం కాదు, ప్రమాదం ముదరడం. తడిబట్టలు విప్పి, తల్లి ఒంటికి హత్తించి, ఇద్దరినీ కప్పి, వెంటనే వైద్యుడి దగ్గరకు చేర్చాలి.

ఇప్పటికే పోగుచేసిన స్వెటర్ల సంగతంటారా, హైదరాబాదు బాలాపూర్ ప్రాంతంలో రోహింగ్యా శరణార్థి కుటుంబాలు ఉన్నాయి. ముందుగా వెళ్లి, ఏ వయసు పిల్లలు ఎందరున్నారో అడిగి, దీపావళి లోపే అందజేయండి.