ఎక్స్‌రేలో ఎముకపై మచ్చ: ఆట మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. ఫుట్‌బాల్ ఆడతాడు. నెల క్రితం ఆటలో మోకాలు బెణికితే ఎక్స్‌రే తీయించాం. ఎముక విరగలేదు గానీ, తొడ ఎముక కింది భాగంలో ‘నాన్ ఆసిఫయింగ్ ఫైబ్రోమా’ ఉందని రిపోర్టులో రాశారు. నొప్పి రెండు వారాల్లో తగ్గిపోయింది. అయినా ఎముకలో గడ్డ అనేసరికి మాకు నిద్ర పట్టడం లేదు. అది క్యాన్సరుగా మారుతుందా? ఆపరేషన్ చేయించాలా? ఆట మాన్పించాలా?

జవాబు: నొప్పి రెండు వారాల్లో పోయిందని మీరే రాశారు. ఆ మచ్చ రెండు వారాల్లో పోయేది కాదు, ఏళ్ల తరబడి ఉండేది. కాబట్టి మీ అబ్బాయిని బాధపెట్టింది బెణుకే గానీ మచ్చ కాదు. మోకాలు బెణకకపోతే ఎక్స్‌రే తీసేవారు కాదు, తీయకపోతే అది ఉన్నట్లు మీకు ఎప్పటికీ తెలిసేదే కాదేమో.

పేరు వినడానికి భయంగా ఉన్నా అది క్యాన్సర్ కాదు, క్యాన్సరుగా మారదు. ఎదిగే వయసులో ఎముక చివర, గ్రోత్ ప్లేటుకు (ఎముక పొడవు పెరిగే మెత్తని పొరకు) దగ్గరగా, గట్టి పైపొరలో కొంత మేర ఎముక ఏర్పడవలసిన చోట పీచు కణజాలం మిగిలిపోతుంది. ఇది ఎక్కువగా మోకాలి చుట్టుపక్కలే కనిపిస్తుంది. ఏ ఇబ్బందీ లేని పిల్లల్లో సైతం 30 శాతం దాకా ఇలాంటి మచ్చలు ఉండవచ్చని అంచనా. ఎముక పొడవు పెరిగేకొద్దీ మచ్చ గ్రోత్ ప్లేటుకు దూరంగా జరిగి, యౌవనం వచ్చాక మెల్లగా ఎముకతో పూడిపోతుంది. ఎముకకు ఒక పక్కగా, చుట్టూ గీత గీసినట్లు సన్నని తెల్లని అంచుతో ఉంటుంది కనుక, అనుభవమున్న రేడియాలజిస్టు మామూలు ఎక్స్‌రే చూసే పోల్చుకోగలరు.

బయాప్సీ చేయించి నిశ్చింతగా ఉందామని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. స్పష్టంగా పోల్చుకోగలిగిన మచ్చను ముక్క తీసి పరీక్షించడం అనవసరమే కాదు, ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది కూడా. మీ అబ్బాయిది కాని వేరే రకం మచ్చ ఒకటి ఉదాహరణగా చెబుతాను. తొడ ఎముక కింది భాగంలో వెనుక, లోపలి వైపున, పిక్క కండరం అతుక్కునే చోట పరుగులు, గెంతుల లాగుడుకు ఎముక గరుకుగా మారడం ఆటలాడే పిల్లల్లో మామూలే. అక్కడి ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే, ఎక్స్‌రేతో పోల్చుకోకపోతే, క్యాన్సరుగా పొరబడే ప్రమాదం ఉంది. ఎముక వైద్యులు ఇలాంటి వాటిని ‘ముట్టుకోకూడని మచ్చలు’ అంటారు. మోకాలి చిప్ప పైభాగంలో, బయటి మూలన విడిగా కనిపించే ముక్క కూడా అంతే. అది పుట్టుకతో వచ్చిన తేడా అయి ఉండవచ్చు. అంచులు నున్నగా ఉంటాయి కాబట్టి విరిగిన ముక్క నుంచి తేడా తెలుస్తుంది.

ఆట మాన్పించవలసిన అవసరం సాధారణంగా రాదు. మచ్చ ఎముక వెడల్పులో సగానికి మించి ఆక్రమించినప్పుడు మాత్రం ఆ చోట ఎముక విరిగే ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు కొంతకాలం ఆటకు దూరంగా ఉండమనడమో, మచ్చను గీకి ఎముక పొడి నింపడమో అనేది ఆర్థోపెడిక్ వైద్యుడు నిర్ణయిస్తారు. రిపోర్టులో కొలతలు లేకపోతే అడిగి రాయించుకోండి. మచ్చలు చాలా చోట్ల ఉండి, ఒంటిపై కాఫీ రంగు మచ్చలు కూడా ఉంటే ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఎముక క్యాన్సర్ అరుదే అయినా, అది ఎక్కువగా వచ్చేది ఈ వయసులోనే, మోకాలి దగ్గరే. ఆటతో పని లేకుండా నొప్పి కొనసాగినా, రాత్రి నిద్రలోంచి లేపినా, వాపు చేతికి తగిలినా, కుంటు తగ్గకపోయినా ‘ఎదుగుదల నొప్పులు’ అని సరిపెట్టుకోకుండా మళ్లీ చూపించాలి. మీ అబ్బాయిలో ఈ లక్షణాలేవీ ఉన్నట్లు మీరు రాయలేదు. మచ్చ పెరగలేదని నిర్ధారించుకోవడానికి ఆరు నెలల తర్వాత మరో ఎక్స్‌రే తీయమని మీ వైద్యుడు అనవచ్చు. అప్పుడు పోల్చి చూడడానికి ఇప్పటి ఫిల్ము కావాలి, భద్రంగా దాచండి.