హెల్మెట్‌కు ఐఎస్ఐ మార్కు లేకపోతే నష్టపరిహారం తెగ్గోస్తారా?

ప్రశ్న: మా తమ్ముడు హైదరాబాద్‌లో ఎలక్ట్రీషియన్. నాలుగు నెలల కిందట విజయవాడ హైవే మీద బండిపై వెళ్తుంటే వెనక నుంచి కారు గుద్దింది. ఎడమ కాలు విరిగి రాడ్ వేశారు. ముంజేతి మీద తోలు లేచిపోయి స్కిన్ గ్రాఫ్టింగ్ చేశారు. నుదుటికి కుట్లు పడ్డాయి. హెల్మెట్ పెట్టుకున్నాడు కానీ అది రోడ్డు పక్కన కొన్నది, ఐఎస్ఐ మార్కు లేదు. కారు ఇన్సూరెన్స్ తరఫున వచ్చినాయన, ‘హెల్మెట్ అసలుది కాదు, జాకెట్, గ్లోవ్స్ కూడా లేవు. తప్పు మీవాడిదీ ఉంది. కోర్టుకెళ్తే సగం కూడా రాదు, రాజీ పడండి’ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: ముందు ఆయన తెచ్చిన ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఆయన చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, కానీ దాన్ని మిమ్మల్ని బెదిరించడానికి వాడుకుంటున్నాడు.

నిజమెంతో చెప్తాను. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం బండి నడిపేవాళ్లు, వెనక కూర్చునేవాళ్లు, నాలుగేళ్లు దాటిన పిల్లలతో సహా, బీఐఎస్ (ఐఎస్ఐ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) ప్రమాణాలకు సరిపోయే హెల్మెట్ పెట్టుకోవాలి. గడ్డం కింద పట్టీ కూడా బిగించాలి. తప్పితే 194డీ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుపై వేటు. ఆ లెక్కన మీ తమ్ముడి తప్పు ఉంది. అయితే అది ట్రాఫిక్ పోలీసులకూ మీ తమ్ముడికీ మధ్య విషయం. వెనక నుంచి వచ్చి గుద్దిన కారు బాధ్యత దానివల్ల తగ్గిపోదు.

దీనికి మీకు బాగా పనికొచ్చే తీర్పు ఒకటుంది. మహమ్మద్ సిద్దిఖ్ కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చింది. ఒకే బండి మీద ముగ్గురు వెళ్తున్నారు, వెనక నుంచి కారు గుద్దింది, ఒకరు చనిపోయారు. ట్రిపుల్ రైడింగ్ చేశారని హైకోర్టు పరిహారంలో పది శాతం కోసేసింది. సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. నిబంధన మీరినంత మాత్రాన ప్రమాదంలో వాటా ఉన్నట్టు కాదు, ఆ మీరడం వల్లే ప్రమాదం జరిగిందనో, దెబ్బ తీవ్రత పెరిగిందనో రుజువు చేయాలి అంది. రుజువు చేయాల్సింది ఇన్సూరెన్స్ కంపెనీ, మీరు కాదు.

కాబట్టి ఏ దెబ్బకు ఆ దెబ్బ విడదీసి చూడాలి. మీ కేసులో పెద్ద ఖర్చు కాలిది. ఎంత మంచి హెల్మెట్ పెట్టినా కాలు విరగక మానదు కదా! అక్కడ ఒక్క రూపాయి కూడా వదులుకోవద్దు. ముంజేతి సంగతికొస్తే, జాకెట్, గ్లోవ్స్ వేసుకోవాలని మన మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. ఫ్రాన్స్‌లో 2016 నవంబరు నుంచి గ్లోవ్స్ తప్పనిసరి చేశారు. యూరప్‌లో రైడింగ్ దుస్తులకు ఈఎన్ 17092 అనే ప్రమాణం ఉంది, లేబుల్ మీద ఏ, ఏఏ, ఏఏఏ అని తరగతులు వేస్తారు. ఇక్కడ మంచి జాకెట్ కొనేవాళ్లు ఆ లేబులే చూస్తారు, చూడాలి కూడా. కానీ చట్టం అడగని దాన్ని వేసుకోలేదని పరిహారం తగ్గించమంటే అది నిలిచే వాదన కాదు. ఇక మిగిలింది నుదుటి కుట్లు. అసలైన హెల్మెట్ అయితే ఆ గాయం తగిలేది కాదని వాళ్లు వాదించే వీలుంది. గెలిచినా తగ్గేది ఆ చిన్న భాగంలోనే. తలకు పెద్ద దెబ్బ తగిలి ఉంటే మాత్రం నా జవాబు ఇంత ధీమాగా ఉండేది కాదు.

ఆ హెల్మెట్ పారేయలేదు కదా? పారేయకపోతే తుడవకుండా, కడగకుండా ఒక సంచిలో పెట్టి దాచండి. పైన గీతలు, లోపల థర్మోకోల్ నొక్కుకుపోయిన చోటు, పట్టీ క్లిప్ కనబడేలా ఫొటోలు తీయండి. పట్టీ బిగించే ఉందని చెప్పగలిగేవాళ్లు, అంబులెన్స్ రాకముందు దాన్ని తీసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల పేరు, ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి. క్లిప్ పెట్టని హెల్మెట్‌ను చట్టం హెల్మెట్ కిందే లెక్కించదు. ఎదుటి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముందు పట్టుకునేది దీన్నే. ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, గాయాల వివరాలుండే ఊండ్ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు అన్నీ ఒకచోట పెట్టండి. ఎంవీఐ రిపోర్టులో బండి వెనక భాగం దెబ్బతిన్నట్టు ఉందో లేదో చూడండి, తప్పెవరిదో తేల్చడానికి అది చాలా ముఖ్యం. నిచ్చెన ఎక్కలేక పని ఎంత పోయిందో చెప్పడానికి కాంట్రాక్టర్‌ను సాక్షిగా పిలవొచ్చు.

గడువు మాటేమిటంటే, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలని 2022 ఏప్రిల్ నుంచి అమలవుతోంది. మీకు ఇంకా రెండు నెలలుంది, ఆఖరి వారం దాకా ఆగొద్దు. ప్రమాదం జరిగిన చోటే వేయనక్కర్లేదు, మీ తమ్ముడు ఉండే చోటి మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో కూడా వేయొచ్చు.

హెల్మెట్ అమ్మినవాడిని వదిలేయాలా అంటే, 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్ అమ్మడమే నేరం. కొన్న బిల్లు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, రోడ్డు పక్కన బిల్లు ఇవ్వరు కాబట్టి దానిమీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఈసారి కొనేటప్పుడు మార్కు దగ్గరుండే సీఎం/ఎల్ నంబరును (తయారీ కంపెనీ లైసెన్సు నంబరు) బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. ఆ కంపెనీ పేరు రాకపోతే స్టిక్కర్ దొంగదే.