జాకీ ఎన్ని టన్నులదని ఒక్కటే చూస్తే చాలదు

ప్రశ్న: మాది ఉండి దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులకు మేత తోలడానికి బొలేరో పికప్పు, ఇంటి అవసరాలకు స్కార్పియో ఉన్నాయి. షెడ్డులో వాడుకోవడానికి కింద చక్రాలుండే ట్రాలీ జాకీ కొందామని భీమవరం వెళ్తే, రెండు టన్నులది చాలని షాపువారు చెప్పారు. మూడు టన్నులకు తగ్గవద్దని మా అల్లుడుగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి? చెరువు గట్టు మీద పంక్చరైనా ఇదే జాకీ పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ అల్లుడుగారి మాటే వినండి. స్కార్పియో బరువు ఇంచుమించు రెండు టన్నులు కాబట్టి, ఒక మూల ఎత్తేటప్పుడు జాకీ మీద పడేది అందులో సగం కూడా ఉండదు. దాని వరకు షాపువారు చెప్పింది తప్పు కాదు. చిక్కంతా పికప్పుతోనే. టన్నున్నర మేత ఎక్కించిన పికప్పు మొత్తం బరువు మూడు టన్నులు దాటుతుంది, అందులో ఎక్కువ భాగం వెనక యాక్సిల్ మీదే ఉంటుంది. ఆ యాక్సిల్‌ను నడిమధ్యన పట్టి రెండు చక్రాలనూ ఒకేసారి లేపబోతే రెండు టన్నుల హద్దు దాటిపోతుంది. బస్తాలు దించి ఎత్తడమే పద్ధతి. అయితే మేత వేళ మించిపోతున్నప్పుడు ఎన్ని బస్తాలు దించుతారో మీకూ నాకూ తెలిసిందే కాబట్టి, ఆ తొందరను కూడా లెక్కలో వేసుకుని కొనాలి.

షాపులో ఎవరూ అడగని సంగతి ఒకటుంది: ఆ జాకీ ఎంత ఎత్తు లేస్తుంది? కార్ల కోసం చేసిన చిన్న రెండు టన్నుల ట్రాలీ జాకీలు చాలావరకు 33–35 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతాయి. స్కార్పియో ముందు భాగాన ఛాసిస్ (బండి అడుగు చట్రం) కింద జాకీ పెట్టినప్పుడు ఛాసిస్ లేస్తున్నా చక్రం వెంటనే నేల విడువదు. స్ప్రింగు సాగినంత మేరా అది కిందికి వేలాడుతూనే ఉంటుంది. ఉదాహరణకు ఛాసిస్ నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. చక్రం వేలాడే 10 సెంటీమీటర్లు, గాలి నిండిన స్టెప్నీ దూరడానికి మరో 5 కలిపితే జాకీ తల 45 దాకా లేవాలి. అదే పికప్పు వెనక యాక్సిల్ గొట్టం కింద, కమాను కట్ట పక్కన పెడితే యాక్సిల్‌తో పాటే చక్రమూ లేస్తుంది కాబట్టి అంత ఎత్తు అవసరం ఉండదు. టేపు తీసుకుని మీ రెండు బండ్ల కింద జాకీ పెట్టే చోట్లను కొలిచి, కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్లండి. 50 సెంటీమీటర్ల దాకా లేచే మూడు టన్నుల జాకీ మీకు సరిపోతుంది. ఎత్తు చాలలేదని జాకీ తల మీద ఇటుకో చెక్క ముక్కో పెట్టే అలవాటు మన వైపు బాగా ఉంది. దయచేసి ఆ పని చేయకండి.

ఇక నేల సంగతి. ట్రాలీ జాకీకి చక్రాలున్నది ఈడ్చుకెళ్లడానికేనని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని చేయి లేచేటప్పుడు తల నిటారుగా లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. ఆ వంపుకు తగ్గట్టు జాకీ మొత్తం బండి కిందికి దొర్లితేనే తల పెట్టిన చోట నిలుస్తుంది. చక్రాలు మట్టిలో దిగబడితే జాకీ దొర్లదు, అప్పుడు తల ఛాసిస్‌ను రాసుకుంటూ జారుతుంది, లేదా బండే పక్కకు లాగబడుతుంది. అందుకే షెడ్డులో సిమెంటు చప్టా మీద వాడినంత కాలం దీనికి సాటి లేదు కానీ, చెరువు గట్టు మీద ఇది పనికిరాదు. ఎండాకాలంలో పలుగు దిగని మన నల్లమట్టి, కాలవలకు నీళ్లు వదిలి వానలు పడ్డాక ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

గట్టు కోసం బండిలో సీసాలా నిలబడి నిటారుగా లేచే ఐదు టన్నుల బాటిల్ జాకీ ఒకటి, అడుగున్నర చదరాన అంగుళంన్నర మందంలో తుమ్మ చెక్క ఒకటి వేసుకోండి. బాటిల్ జాకీ పీఠం అరచేయంత ఉంటుంది, ఆ చెక్క లేకపోతే బండి లేవడానికి బదులు జాకీయే మట్టిలోకి దిగుతుంది. కొనేముందు దాని కనిష్ఠ ఎత్తు కూడా చూడండి; గాలి పోయి, రిమ్ము మట్టిలో కూరుకున్న బండి కింద చెక్కా జాకీ రెండూ దూరాలి కదా. చాలా ఏళ్ల కిందట యనమదుర్రు డ్రెయిన్ గట్టు మీద చెక్క దొరక్క ఇటుక మీద జాకీ నిలబెట్టాను. చక్రం ఊడదీసి పక్కన పెట్టానో లేదో ఇటుక పటుక్కున పగిలి, బ్రేకు డ్రమ్ము బురదలో కూర్చుంది. అప్పటి నుంచి చక్రం మార్చే ఆ రెండు నిమిషాలూ స్టెప్నీనో, విప్పిన చక్రాన్నో ఛాసిస్ కింద పడుకోబెడుతున్నాను.

హ్యాండ్ బ్రేకు సాధారణంగా వెనక చక్రాలనే పడుతుంది కాబట్టి రెండు వెనక చక్రాలనూ లేపితే దానితో ప్రయోజనం లేదు, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు అడ్డుపెట్టాలి. ఒక్క వెనక చక్రం లేపినప్పుడు గేరును నమ్ముకోకండి. రెండు వెనక చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల గాలిలో ఉన్న చక్రం ఉత్తినే తిరిగిపోతూ, నేల మీది చక్రాన్ని కదలనిస్తుంది. జాకీతో పాటే జాకీ స్టాండ్లు (లేపిన బండిని మోసే ఇనుప కాళ్లు) ఒక జత కొనండి, బండి కిందికి దూరే పని ఏదైనా బరువు స్టాండ్ల మీదికి దించాకే చేయండి.

ప్రశ్న: మా ట్రాలీ జాకీ రాత్రి ఎత్తి వదిలితే తెల్లారేసరికి దిగిపోతోంది. మెకానిక్కు బ్రేక్ ఆయిల్ పోసి ఇచ్చినా గుణం లేదు.
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: రాత్రంతా బండిని జాకీ మీద వదలడమే సరికాదమ్మా, ఎంత కొత్త జాకీ అయినా అందుకు స్టాండే వాడాలి. పోతే, బ్రేక్ ఆయిల్ జాకీలోని రబ్బరు సీళ్లను పాడుచేస్తుంది. దాన్ని పూర్తిగా ఒంపేసి, జాకీని కిందికి దించి ఉంచి, హైడ్రాలిక్ జాకీ ఆయిల్ పోయించండి. తర్వాత దించే వాల్వు వదులుగా ఉంచి పిడిని పది పదిహేనుసార్లు కొడితే లోపలి గాలి పోతుంది. అప్పటికీ దిగుతుంటే వాల్వులో చెత్త పట్టిందేమో శుభ్రం చేయించి, సీళ్ల సెట్టు మార్పించండి. మీ వైపు ఉప్పుగాలికి పిస్టన్ కడ్డీ మీద తుప్పు చుక్కలు లేచి కొత్త సీళ్లను కూడా గీరేస్తాయి కాబట్టి, పని అయ్యాక కడ్డీని నూనె గుడ్డతో తుడిచి, జాకీని పూర్తిగా దించే దాచండి.