మోకాళ్లలో గుజ్జు అరిగితే విటమిన్ సి మాత్రలు పనిచేస్తాయా?

అమ్మగారికి మోకాళ్లలో గుజ్జు అరిగిందన్నారని, విటమిన్ సి మాత్రలు వేస్తే అది మళ్లీ వస్తుందా అని అడిగారు. రాదండీ. మా అత్తయ్య ఇదే ఆశతో ఏడాది గడిపారు కాబట్టి ముందే చెప్తున్నా.

మేం బెంగళూరు మారతహళ్లిలో మూడో అంతస్తులో ఉంటాం, లిఫ్ట్ లేదు. రాజంపేట నుంచి వచ్చిన కొత్తలో ఆవిడ ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఊపిరి తీసుకుని, తర్వాతి మెట్టు ఎక్కేవారు. ఎవరో చెప్పారని 500 మిల్లీగ్రాముల చప్పరించే మాత్రలు రోజుకు ఐదారు వేసుకున్నారు. మోకాళ్లు అలాగే ఉన్నాయి, కడుపులో మంట, విరేచనాలు మాత్రం పట్టుకున్నాయి. ఎముకల డాక్టరు చూసి వెంటనే ఆపించారు.

విటమిన్ సి అక్కర్లేదని కాదు. గుజ్జుకు గట్టిదనాన్నిచ్చేది కొల్లాజెన్ అనే ప్రొటీన్. దాని పోగులు సరిగ్గా పేనుకోవాలంటే విటమిన్ సి ఉండి తీరాలి. అది బొత్తిగా అందకపోతే వచ్చే స్కర్వీలో చిగుళ్లతోపాటు కీళ్లూ నొప్పి పెడతాయి. కానీ లోటు లేని మనిషికి ఇంకా ఇంకా ఇస్తే అరిగినచోట కొత్త గుజ్జు పుట్టదు. రోజుకు ఆడవాళ్లకు 65, మగవాళ్లకు 80 మిల్లీగ్రాములు చాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఒక్క మాదిరి జామకాయలోనే అంతకు రెండింతలు ఉంటుంది!

ఒంట్లో యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు వాచి నొప్పి పెట్టే జబ్బు, గౌట్, సంగతి కొంచెం వేరు. విటమిన్ సి యూరిక్ యాసిడ్‌ను కాస్త తగ్గిస్తుంది, అయినా డాక్టరిచ్చిన మందు మానేసేంత కాదు.

ఇప్పుడు అత్తయ్య సాయంత్రం బండి దగ్గర జామకాయ కొనుక్కుంటారు. పులిహోరలో నిమ్మరసం పొయ్యి దించాకే పిండుతాం, వేడికి విటమిన్ సి పోతుంది కాబట్టి. ఉసిరికాయ ఊరగాయ మాత్రం బీపీ ఉందని తగ్గించాం, ఉప్పెక్కువ కదా.

ఆవిడకు నిజంగా మేలు చేసింది తొడ కండరాల వ్యాయామం. మంచం మీద కాళ్లు చాపి, మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి, దాన్ని కిందికి అదిమి ఐదు లెక్కపెట్టి వదలాలి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున, సాయంత్రం. రెండు నెలలకు మెట్టుకొక పాదం వేసి ఎక్కడం మొదలుపెట్టారు. ఆ రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అమ్మగారికి గతంలో కిడ్నీలో రాళ్లు వచ్చి ఉంటే, డాక్టరును అడగకుండా పెద్ద డోసు మాత్రలు అసలు వెయ్యకండి. మోకాలు ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉంటే ఆ రోజే చూపించండి.